స్వల్పకాలిక విదేశీ రుణం – లెక్కలోకి రాని భాగం: భారత్, దక్షిణ కొరియాల తులనాత్మక చరిత్ర (1990–2014)

వ్యాససంగ్రహం

ఏడాదిలోపు తీర్చవలసిన విదేశీ రుణాలు, రుణపత్రాలు 1991లో భారతదేశాన్ని, 1997లో దక్షిణ కొరియాను చెల్లింపుల సంక్షోభం అంచుకు తెచ్చాయి. మొత్తం విదేశీ రుణంలో స్వల్పకాలిక రుణం వాటా భారత్‌లో పదోవంతు మాత్రమే. కొరియాలో అది సగానికి మించింది. అయినా రెండు దేశాలూ ఒకే స్థితికి చేరాయి. ఈ వైరుధ్యానికి కారణాన్ని ఈ వ్యాసం అన్వేషిస్తుంది. రుణ కాలపరిమితిని నిర్ణయించినది మార్కెట్ ఒక్కటే కాదనీ, అనుమతుల విధానమూ గణాంక నిర్వచనమూ దానిని తీర్చిదిద్దాయనీ, ప్రతి సంక్షోభంలోనూ ప్రమాదం ఆనాటి లెక్క పట్టించుకోని చోట పేరుకున్నదనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: స్వల్పకాలిక విదేశీ రుణం, రుణపత్రాలు, విదేశీ మారక నిల్వలు, కాలపరిమితి, రంగరాజన్ కమిటీ, మర్చంట్ బ్యాంకులు.

1. ప్రవేశిక

తెలుగునాట అప్పు ఇచ్చిపుచ్చుకునే వారికి ‘నోటు తిరగరాయడం’ అనే మాట సుపరిచితం. గడువు దగ్గరపడినప్పుడు అసలు తీర్చకుండా, పాత ప్రామిసరీ నోటు స్థానంలో కొత్తది రాసి ఇవ్వడం దాని అర్థం. అప్పు ఇచ్చినవాడికి నమ్మకం ఉన్నంతకాలం ఈ ఏర్పాటు సాఫీగా సాగుతుంది. నమ్మకం పోయిన రోజున అసలు మొత్తం ఒక్కసారిగా మీద పడుతుంది. దేశాల స్వల్పకాలిక విదేశీ రుణానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఒక్క తేడా ఉంది: తీర్చవలసిన కరెన్సీని ఆ దేశం ముద్రించుకోలేదు.

భారత్, కొరియా సంక్షోభాలపై విడివిడిగా విస్తారమైన సాహిత్యం వెలువడింది. మొదటిదానిని ద్రవ్యలోటు, గల్ఫ్ యుద్ధాల నేపథ్యంలోనూ, రెండవదానిని తూర్పు ఆసియాలో పెట్టుబడుల ప్రవాహ నేపథ్యంలోనూ వివరించడం పరిపాటి. రెండింటినీ కాలపరిమితి కోణం నుంచి పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, విడివిడి కథనాలలో మరుగునపడే ఒక సామ్యం బయటపడుతుంది. ఈ వ్యాసం పరిధి ఆ సామ్యమే.

2. ‘స్వల్పకాలికం’ అన్న మాటకు అర్థాలు

బాసెల్‌లోని అంతర్జాతీయ సెటిల్‌మెంట్ల బ్యాంకు ప్రచురించే గణాంకాల ప్రకారం, రుణగ్రహీత నివసించే దేశపు మార్కెట్ వెలుపల జారీ అయినవి అంతర్జాతీయ రుణపత్రాలు. వాటిలో జారీనాటి గడువు ఏడాది లేదా అంతకు తక్కువైనవి స్వల్పకాలికాలు. కమర్షియల్ పేపరు, డిపాజిట్ సర్టిఫికెట్లు ఈ తరగతిలోకి వస్తాయి. నిర్వచనం స్పష్టంగానే కనిపిస్తుంది. అయితే రెండు దేశాలను పోల్చబూనినప్పుడు మూడు ప్రశ్నలు ఎదురవుతాయి.

మొదటిది కాలానికి సంబంధించినది. లెక్కించవలసినది జారీనాటి గడువునా, మిగిలి ఉన్న గడువునా? పదేళ్ల బాండు తొమ్మిదేళ్లు గడిచాక చివరి ఏడాదిలో ఉంటే, మొదటి పద్ధతిలో అది దీర్ఘకాలికం, రెండవ పద్ధతిలో స్వల్పకాలికం. రెండవది స్థానానికి సంబంధించినది. హాంకాంగ్‌లోని కొరియా బ్యాంకు శాఖ చేసిన అప్పు నివాసాన్ని బట్టి చూస్తే కొరియాది కాదు, జాతీయతను బట్టి చూస్తే కొరియాదే. మూడవది రూపానికి సంబంధించినది. విదేశీ మదుపరి ముంబయిలో కొన్న రూపాయి ట్రెజరీ బిల్లు, జారీ మార్కెట్‌ను బట్టి అంతర్జాతీయ రుణపత్రం కాదు. కానీ చెల్లింపుల శేషం లెక్కలో అది విదేశీ రుణమే.

రెండు దేశాలలోనూ సంక్షోభకాలపు స్వల్పకాలిక బాధ్యతలలో అధికభాగం బ్యాంకు రుణాలు, వాణిజ్య రుణాలు, డిపాజిట్ల రూపంలో ఉండేది. అందువల్ల రుణపత్రాలను వాటి నుంచి వేరుచేసి చూడడం చరిత్రకు న్యాయం చేయదు. ఈ వ్యాసంలో స్వల్పకాలిక విదేశీ రుణాన్ని ఒకే సముదాయంగా తీసుకొని, పత్రాల ప్రస్తావన అవసరమైన చోట దానిని ప్రత్యేకంగా సూచించడం జరిగింది.

3. భారత్: పదోవంతు చాలిన సంక్షోభం

1980ల ద్వితీయార్ధంలో భారతదేశపు విదేశీ రుణం స్వరూపం మారింది. రాయితీ వడ్డీపై లభించే ప్రభుత్వ రుణాల స్థానంలో వాణిజ్య రుణాలు, ప్రవాస భారతీయుల డిపాజిట్లు పెరిగాయి. చమురు వంటి దిగుమతుల కోసం బ్యాంకర్స్ యాక్సెప్టెన్స్ పత్రాలపై ఆధారపడిన స్వల్పకాలిక సదుపాయాలు వాడుకలోకి వచ్చాయి. వీటిని గడువు తీరిన ప్రతిసారీ తిరగరాసుకోవలసి ఉండేది.

1990 ఆగస్టులో కువైట్‌పై ఇరాక్ దండయాత్రతో చమురు ధర పెరిగింది. 1990–91లో కరెంటు ఖాతా లోటు దాదాపు 970 కోట్ల డాలర్లకు చేరింది. అంతర్జాతీయ రేటింగ్ సంస్థలు భారత్ స్థాయిని తగ్గించాయి. స్వల్పకాలిక రుణాలను తిరగరాయడానికి విదేశీ బ్యాంకులు వెనుకాడాయి. 1991 ఏప్రిల్–జూన్ మధ్య ప్రవాస భారతీయుల డిపాజిట్ల నుంచే నికరంగా సుమారు 95 కోట్ల డాలర్లు బయటికి వెళ్లాయి.

1991 మార్చి చివరి గణాంకాలు ఇక్కడ గమనార్హం. మొత్తం విదేశీ రుణం 8,380 కోట్ల డాలర్లు. అందులో స్వల్పకాలిక రుణం 850 కోట్లు, అంటే 10.2 శాతం. ఈ నిష్పత్తిని మాత్రమే చూసిన పరిశీలకునికి ప్రమాదం కనిపించదు. కానీ అదే స్వల్పకాలిక రుణం విదేశీ మారక నిల్వలలో 146.5 శాతం. బంగారాన్ని మినహాయించి విదేశీ కరెన్సీ ఆస్తులను మాత్రమే తీసుకుంటే, అవి 220 కోట్ల డాలర్లకు అటూఇటుగా ఉండేవి. అప్పులో ఎంత భాగం త్వరగా తీర్చాలన్నది కాక, తీర్చడానికి చేతిలో ఎంత ఉన్నదన్నది నిర్ణాయకమైంది.

1991 మేలో చంద్రశేఖర్ ప్రభుత్వ హయాంలో 20 టన్నుల బంగారాన్ని భారతీయ స్టేట్ బ్యాంకు ద్వారా, తిరిగి కొనుక్కునే హక్కుతో విదేశంలో విక్రయించారు. జూన్ 21న పి.వి. నరసింహారావు ప్రధానిగా, మన్మోహన్ సింగ్ ఆర్థికమంత్రిగా కొత్త ప్రభుత్వం ఏర్పడింది. జూలై 1, 3 తేదీలలో రూపాయి విలువను తగ్గించారు. అదే నెలలో రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని విదేశానికి తరలించి, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల నుంచి సుమారు 40 కోట్ల డాలర్లు తెచ్చింది. దిగుమతులను బిగించడంతో పరిశ్రమలకు ముడిసరుకు కరవైంది. స్వల్పకాలిక రుణం మొత్తం రుణంలో పదోవంతే అయినా, దానికి చెల్లించిన మూల్యం దేశమంతటిదీ.

4. గడువును పొడిగించే విధానం

1991 చివర సి. రంగరాజన్ అధ్యక్షతన చెల్లింపుల శేషంపై ఉన్నతస్థాయి కమిటీ ఏర్పడింది. 1993లో నివేదిక సమర్పించింది. దాని సభ్య కార్యదర్శి కడప జిల్లాకు చెందిన యాగా వేణుగోపాల్ రెడ్డి. ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐ.ఎ.ఎస్. అధికారిగా అనుభవం గడించిన ఆయన అనంతరకాలంలో, 2003 నుంచి 2008 వరకు రిజర్వు బ్యాంకు గవర్నరుగా పనిచేశారు. కమిటీ సిఫారసులలో స్వల్పకాలిక రుణానికి సంబంధించినది సూటిగా ఉంది: సాధారణ వాణిజ్య అవసరాలకు మాత్రమే దానిని అనుమతించాలి. రుణం తెచ్చే ప్రవాహాల కంటే రుణం తేని పెట్టుబడులకు ప్రాధాన్యం ఇవ్వాలి. విదేశీ రుణ గణాంకాలను క్రమబద్ధంగా ప్రచురించే ఆనవాయితీ కూడా ఈ కాలంలోనే స్థిరపడింది.

ఈ విధానానికి కొలవదగిన ఫలితం కనిపించింది. 1996 మార్చి నాటికి స్వల్పకాలిక రుణం 500 కోట్ల డాలర్లకు, మొత్తంలో 5.4 శాతానికి తగ్గింది. నిల్వలతో పోలిస్తే అది 23 శాతమే. ప్రభుత్వానికి విదేశీ మారకం అవసరమైనప్పుడు కూడా ఎంచుకున్న గడువు దీర్ఘమైనదే. 1991 నాటి ఇండియా డెవలప్‌మెంట్ బాండ్లు, 1998 నాటి రిసర్జెంట్ ఇండియా బాండ్లు, 2000 నాటి ఇండియా మిలీనియం డిపాజిట్లు మూడూ ఐదేళ్ల గడువు గలవి. 1998లో అణుపరీక్షల అనంతర ఆంక్షల నడుమ రిసర్జెంట్ బాండ్ల ద్వారా సుమారు 420 కోట్ల డాలర్లు సమకూరాయి. వడ్డీ భారం ఎక్కువైనా, తిరగరాత భయం లేని డబ్బును ఎంచుకోవడం ఆనాటి విధానకర్తల నిశ్చితాభిప్రాయం.

ఇందులో అంతా దూరదృష్టే అనడం అతిశయోక్తి. మూలధన ఖాతా చాలావరకు మూసి ఉండడం వల్ల స్వల్పకాలిక రుణపత్రాలు జారీ చేసే అవకాశమే భారతీయ సంస్థలకు పరిమితంగా ఉండేది. చౌకైన విదేశీ రుణం దొరకని సంస్థలు స్వదేశంలో అధిక వడ్డీ చెల్లించాయి. జాగ్రత్తకు ధర ఉంటుంది. ఆ ధర లెక్క ఏ నివేదికలోనూ ఒకే పంక్తిలో కనిపించదు.

5. దక్షిణ కొరియా: తెరిచిన తలుపు, మూసిన తలుపు

1990లలో కొరియా పయనించిన దిశ దీనికి భిన్నమైనది. 1993లో అధికారంలోకి వచ్చిన కిమ్ యంగ్‌సామ్ ప్రభుత్వం ఆర్థిక సరళీకరణను వేగవంతం చేసింది. 1996 డిసెంబరులో కొరియా ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థలో సభ్యత్వం పొందింది. సరళీకరణ జరిగిన క్రమంలోనే కీలకం దాగి ఉంది. విదేశాల నుంచి దీర్ఘకాలిక రుణం తెచ్చుకోవడానికి ప్రభుత్వ అనుమతి, వివరమైన పరిశీలన అవసరమయ్యేవి. స్వల్పకాలిక రుణాన్ని మాత్రం వాణిజ్యానికి అనుబంధంగా భావించి, దానిపై ఆంక్షలను సడలించారు. దీర్ఘకాలికం దుర్లభం, స్వల్పకాలికం సులభం అయ్యాయి. భారత్ ఆచరించిన నియమానికి ఇది దాదాపు అద్దంలోని ప్రతిబింబం.

1994, 1996 సంవత్సరాలలో రెండు విడతలుగా 24 ఫైనాన్స్ కంపెనీలను మర్చంట్ బ్యాంకులుగా మార్చడంతో వాటి సంఖ్య 30కి చేరింది. అవి విదేశాలలో స్వల్పకాలిక డాలర్లు సేకరించి, స్వదేశంలో పెద్ద వ్యాపార కూటములైన చేబోల్‌లకు దీర్ఘకాలిక రుణాలు ఇచ్చాయి. కొంత డబ్బును రష్యా, ఆగ్నేయాసియా దేశాల అధిక వడ్డీ పత్రాలలోనూ పెట్టాయి. అదే సంస్థలు స్వదేశీ కమర్షియల్ పేపరు మార్కెట్‌లో మధ్యవర్తులు కూడా. దానితో చేబోల్‌ల స్వదేశీ రుణపత్రాలూ బ్యాంకుల విదేశీ రుణమూ ఒకే గొలుసులో లంకెలయ్యాయి. 1997 జనవరిలో హాన్‌బో ఉక్కు సంస్థ కూలిపోయింది. జూలైలో కియా మోటార్స్ సంక్షోభంలో పడింది. గొలుసు ఒక కొస తెగితే రెండవ కొసపై ఒత్తిడి పడడం అనివార్యం.

1997 జూన్ చివరికి విదేశీ బ్యాంకులకు కొరియా బకాయిలు 10,300 కోట్ల డాలర్లకు పైబడ్డాయి. అందులో ఏడాదిలోపు తీర్చవలసినది సుమారు 7,000 కోట్లు. విదేశీ మారక నిల్వలు 3,400 కోట్లు. నిష్పత్తి రెండింతలకు పైమాటే. 1991లో భారత్ నిష్పత్తి ఒకటిన్నర రెట్లు. లెక్కల ఆధారాలు వేరైనందున ఈ రెండు సంఖ్యలను అక్షరశః పోల్చడం తగదు. అయితే రెండు దేశాలూ ఒకటి అనే గీతను దాటి ఉన్నాయన్నది నిస్సందేహం.

కొరియా అధికారిక గణాంకాలలో ఇంతకంటే గంభీరమైన లోపం ఉండేది. కొరియా బ్యాంకుల విదేశీ శాఖలు చేసిన అప్పులు ఆనాటి విదేశీ రుణ నిర్వచనంలో చేరలేదు. 1997 డిసెంబరులో అంతర్జాతీయ ద్రవ్యనిధితో సంప్రదించి కొత్త నిర్వచనాన్ని రూపొందించాక మాత్రమే అవి లెక్కకెక్కాయి. నిల్వల వైపునా ఇదే పరిస్థితి. 1997 నవంబరు చివరికి ప్రకటిత నిల్వలు 2,440 కోట్ల డాలర్లు. అందులో పెద్ద భాగాన్ని కేంద్ర బ్యాంకు అప్పటికే కొరియా బ్యాంకుల విదేశీ శాఖలలో డిపాజిట్ చేసింది. వెంటనే వాడుకోగలిగినది సుమారు 730 కోట్లు మాత్రమే. ఇలా నిష్పత్తిలో పైనున్న అంకె ఉన్నదానికంటే తక్కువగానూ, కిందనున్న అంకె ఉన్నదానికంటే ఎక్కువగానూ చూపబడ్డాయి.

6. తిరగరాత: బంగారం, బ్యాంకులు, బాండ్లు

1997 నవంబరు 21న కొరియా ద్రవ్యనిధి సాయం కోరింది. డిసెంబరు తొలివారంలో వివిధ సంస్థలు, దేశాలు కలిసి దాదాపు 5,800 కోట్ల డాలర్ల సాయం ప్రకటించాయి. అందులో ద్రవ్యనిధి వాటా 2,100 కోట్లు. అయినా బ్యాంకులు అప్పులను వెనక్కి తీసుకోవడం ఆపలేదు. డిసెంబరు చివరివారంలో అమెరికా తదితర ప్రభుత్వాలు తమ దేశాల బ్యాంకులను ఒప్పించిన తరువాతే ప్రవాహం నిలిచింది. 1998 జనవరి చివర న్యూయార్క్‌లో కుదిరిన ఒప్పందం మేరకు, మార్చి నాటికి దాదాపు 2,180 కోట్ల డాలర్ల స్వల్పకాలిక రుణం కొరియా ప్రభుత్వ హామీతో ఒకటి, రెండు, మూడేళ్ల గడువు గల రుణంగా మారింది. ఏప్రిల్‌లో ప్రభుత్వం 400 కోట్ల డాలర్ల విలువైన ఐదేళ్ల, పదేళ్ల బాండ్లను జారీ చేసింది. ప్రైవేటు బ్యాంకుల స్వల్పకాలిక బాధ్యత ఈ విధంగా ప్రభుత్వ హామీ నీడలోకి చేరింది.

బంగారం రెండు కథలలోనూ ఉంది. కానీ అది వచ్చిన చేతులు వేరు. భారత్‌లో ప్రభుత్వం, రిజర్వు బ్యాంకు తమ అధీనంలోని బంగారాన్ని తరలించాయి. ప్రజలకు అది తరువాత తెలిసి అవమానంగా తోచింది. కొరియాలో 1998 జనవరిలో మొదలైన బంగారు సేకరణ ఉద్యమంలో దాదాపు 35 లక్షల మంది తమ ఉంగరాలు, పతకాలు, పెళ్లినగలు అప్పగించి వాటి విలువను వాన్‌లలో పుచ్చుకున్నారు. సుమారు 227 టన్నులు పోగయ్యాయి. వాటి విలువ 200 కోట్ల డాలర్లకు పైచిలుకు. తిరగరాసిన బ్యాంకు రుణంలో అది పదోవంతు. ఆర్థికంగా చూస్తే నిర్ణాయకం కాదు. అప్పు భారాన్ని ఎవరు మోశారన్న ప్రశ్నకు మాత్రం అది ముఖ్యమైన సాక్ష్యం. 1997లో 2.6 శాతంగా ఉన్న నిరుద్యోగం 1998లో 7 శాతానికి చేరడం మరో సాక్ష్యం. స్వల్పకాలిక రుణంపై సంతకం చేసినవారు, దాని పర్యవసానం అనుభవించినవారు ఒకరు కారు.

7. 2008, 2013: కొత్త ద్వారాలు

1999లో అర్జెంటీనా మాజీ ఉప ఆర్థికమంత్రి పాబ్లో గిడోటి సూచించి, అమెరికా ఫెడరల్ రిజర్వు అధ్యక్షుడు అలన్ గ్రీన్‌స్పాన్ ప్రాచుర్యంలోకి తెచ్చిన సూత్రం ప్రకారం, ఏడాదిలో తీర్చవలసిన విదేశీ రుణానికి సమానంగానైనా నిల్వలు ఉండాలి. రెండు దేశాలూ ఆ పాఠం నేర్చాయి. కొరియా ద్రవ్యనిధి రుణాన్ని 2001 ఆగస్టులో గడువుకు ముందే తీర్చివేసి నిల్వలు పెంచుకుంది. 2008 సెప్టెంబరు నాటికి అవి దాదాపు 2,400 కోట్లకు పదిరెట్లు, అంటే సుమారు 24,000 కోట్ల డాలర్లు. అయినా అప్పటికి స్వల్పకాలిక విదేశీ రుణం నిల్వలలో నాలుగింట మూడు వంతులను దాటింది. ఈసారి ద్వారం వేరు. నౌకా నిర్మాణ సంస్థలు భవిష్యత్తులో రానున్న డాలర్లను ముందుగానే అమ్ముకోగా, వాటిని కొన్న బ్యాంకులు, ముఖ్యంగా విదేశీ బ్యాంకుల శాఖలు, ఆ నష్టభయాన్ని సరితూచడానికి స్వల్పకాలిక డాలర్లు అప్పు తెచ్చాయి. 2008 అక్టోబరులో ఫెడరల్ రిజర్వుతో 3,000 కోట్ల డాలర్ల కరెన్సీ మార్పిడి ఒప్పందం కుదిరాక ఒత్తిడి సడలింది. అనంతరం 2010లో బ్యాంకుల విదేశీ మారక డెరివేటివ్‌లపై పరిమితులు, 2011లో వాటి విదేశీ కరెన్సీ బాధ్యతలపై సుంకం వచ్చాయి. మొదట్లో గడువు తగ్గేకొద్దీ ఆ సుంకం రేటు పెరిగేది. ఒకప్పుడు స్వల్పకాలికానికి తలుపు తెరిచిన దేశం దానికి సుంకం విధించింది.

భారత్‌లో మార్పు మొదట నిర్వచనంలో కనిపించింది. 2004 మార్చిలో 440 కోట్ల డాలర్లుగా ఉన్న స్వల్పకాలిక రుణం 2005 మార్చికి 1,770 కోట్లయింది. ఇది ఏడాదిలో పెరిగిన అప్పు కాదు. అంతవరకు వదిలివేసిన 180 రోజుల లోపు సరఫరాదారుల రుణాలను లెక్కలో చేర్చడం దీనికి ప్రధాన కారణం. 1991 సంఖ్యను ఈ వెలుగులో మళ్లీ చదవాలి, నాటి 146.5 శాతం కూడా పూర్తి లెక్క కాదు.

2013 మార్చికి జారీనాటి గడువు ప్రకారం స్వల్పకాలిక రుణం 9,670 కోట్ల డాలర్లు, నిల్వలలో 33 శాతం. మిగిలిన గడువు ప్రకారం లెక్కిస్తే అదే రుణం సుమారు 17,200 కోట్లు, నిల్వలలో 59 శాతం. అదే దేశం, అదే రోజు, రెండు చిత్రాలు. ఆ ఏడాది మేలో అమెరికా ద్రవ్య విధానం మారనున్నదన్న సూచనతో రూపాయి పతనమైనప్పుడు, రిజర్వు బ్యాంకు కనీసం మూడేళ్ల గడువు గల ప్రవాస డిపాజిట్లకూ బ్యాంకుల విదేశీ రుణాలకూ ప్రత్యేక మార్పిడి సదుపాయం కల్పించి దాదాపు 3,400 కోట్ల డాలర్లు రప్పించింది. 2014 ఏప్రిల్‌లో విదేశీ మదుపరులు కొత్తగా ట్రెజరీ బిల్లులు కొనడాన్ని నిలిపివేసి, ఏడాదికి మించి గడువు మిగిలిన ప్రభుత్వ పత్రాలకే వారిని పరిమితం చేసింది. రంగరాజన్ కమిటీ సూత్రం ఇరవై ఏళ్ల తరువాత రుణపత్రాల మార్కెట్‌కు విస్తరించిందని దీనిని అర్థం చేసుకోవచ్చు.

8. ముగింపు

ఈ తులనాత్మక పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి.

మొదటిది: మొత్తం రుణంలో స్వల్పకాలిక రుణం వాటా ప్రమాదానికి నమ్మదగిన కొలమానం కాదు. పదోవంతుతో భారత్, సగానికి మించిన వాటాతో కొరియా ఒకే ద్వారం వద్దకు చేరాయి. నిల్వలతో, అందులోనూ వాడుకోగలిగిన నిల్వలతో పోల్చినప్పుడే ఆ సంఖ్యకు అర్థం ఏర్పడుతుంది.

రెండవది: కాలపరిమితి విధాన నిర్ణయాల ఫలితం. స్వల్పకాలికాన్ని బిగించిన భారత్‌లో గడువులు సాగాయి. దీర్ఘకాలికాన్ని బిగించిన కొరియాలో అవి కుదించుకుపోయాయి.

మూడవది: ప్రతిసారీ ప్రమాదం లెక్కకు అందని చోట చేరింది. భారత్‌లో 180 రోజుల లోపు వాణిజ్య రుణం, కొరియాలో విదేశీ శాఖల అప్పు, తరువాత డెరివేటివ్‌ల వెనుక దాగిన డాలరు రుణం ఇందుకు ఉదాహరణలు. నిర్వచనం విస్తరించినప్పుడల్లా కొత్త రుణం దానికి వెలుపల రూపుదిద్దుకుంది.

కాబట్టి రెండు దేశాల స్వల్పకాలిక రుణ శ్రేణులను ఒకే రేఖాపటంపై గీసే పరిశోధకుడు, ఆ గీతలు ఎక్కడ పెరిగాయో చూడడానికి ముందు, ఏ సంవత్సరంలో ఏది లెక్కలోకి వచ్చిందో, ఏది రాలేదో పరిశీలించవలసి ఉంటుంది. నోటుపై రాసిన గడువు ఒకటి. అప్పు ఇచ్చినవాడి నమ్మకానికి ఉన్న గడువు మరొకటి. 1991లో న్యూఢిల్లీకీ, 1997లో సియోల్‌కూ ఎదురైనది ఈ రెండవ గడువు.